నోట్లో నీళ్లు పోసుకొని కాల్చిన బొమికెలు

సుంకమ్మ నోట్లో ఎప్పుడూ నీళ్లే ఉంటాండె. తాగే నీళ్లు గాదు, పుక్కిట పట్టిన నీళ్లు. ఎగతాళికి చెప్పడంలే, నిజంగానే. పొద్దన్నే సావుకారి పంపన్న పెరట్లోకి పోతానే, ఆయప్ప ఎదురుగా నిలబడి పుక్కిలెడు నీళ్లు పోసుకోవాల, బుగ్గలు పూరించుకొని పొయ్యి కాడికి పోవాల, పని అయ్యేదాకా మింగకూడదు, ఉమ్మకూడదు. అయినంక మల్లా ఆయప్ప ఎదురుగానే వచ్చి ఆ నీళ్లు బండ మీద ఉమ్మి చూపించాల. ఆయప్ప వంగి చూస్తాడంట, నీళ్లల్లో పిండి నలక ఏమన్నా ఉందా అని. పెద్దమనిషి, తలకు జరీ పేటా, చెవులకు బంగారు పోగులు, ఒగ ఆడమనిషి ఉమ్మిన ఎంగిలి నీళ్లను వంగి వంగి చూస్తాండె అనుకో. ఆ బతుకూ ఒగ బతుకేనా చెప్పండి. ఇంతా ఏంటికంటే, ఆమె చేసేది కుక్కలకు తిండి. కుక్కల తిండి ఆమె యాడ నోట్లో వేసుకుంటాదో అని ఆయప్ప దిగులు.

ఆ కుక్కలేమన్నా మన ఊరకుక్కలనుకుంటిరా. బళ్లారి దండులో ఒగ తెల్లదొర ఉండెనంట. పంపన్న బండి కట్టుకొని ఆడికి పోయినప్పుడు చూసినాడు, దొర కుర్చీలో కూర్చొని, పళ్లెంలో నుంచి ఒగ్గొగటి తీసి కుక్క నోటికి అందిస్తాండాడు. అది చూసి ఈయప్పకు మతి పొయ్యింది. దొర చేసింది తానూ చేస్తే తానూ దొర అయిపోతాననుకున్నాడేమో, పాపం. దొర వాళ్ల దేశం పోయేటప్పుడు కాళ్లు పట్టుకోని ఆ రెండు కుక్కలనూ, వాటి తిండి చేసే రేకు అచ్చునూ తెచ్చుకున్నాడు. ఎట్ల చేయాలో గూడా నేర్చుకొని వచ్చినాడు. గోధుమపిండి, నెయ్యి, మీగడ, కోడిగుడ్డు, పొట్టేలు బొమికెలు ఉడికించిన రసం, అన్నీ కలిపి పిసికి, ఆ అచ్చుతో అద్ది, కింద నిప్పులు పైన నిప్పులు పెట్టి ఎర్రగా కాల్చాల. ఉప్పు మటుకు ఎయ్యకూడదంట, ఉప్పు తింటే కుక్కకు బొచ్చు రాలుతాదని దొర చెప్పినాడంట. ఇంగ ఆ అచ్చు ఎట్లుందనుకున్నారు. బొమికె మాదిరి ఉంది. పిండితో బొమికె. కుక్కకు బొమికె పెట్టాలంటే బొమికే పెట్టొచ్చు గదా నాయనా అని అడిగేవాడు ఊర్లో ఒగడు లేడు. అందరూ 'ఆహా సావుకారీ' అనేవాళ్లే. కుక్కల పేర్లు దొర పెట్టినవే, టైగరు ఒగటి, లిల్లీ ఒగటి. కట్టుకున్న పెండ్లాం గౌరక్కను 'ఒసే' అని తప్ప పిలవని మనిషి, లిల్లీని మటుకు 'అమ్మా లిల్లీ, రామ్మా, తిందువుగానీ రా' అంటాండె.

ఏమైందంటే ఆ ఏడు వాన పడలేదు. ముందటేడూ పడలేదు. పంపన్న ఊరు గువ్వలదొడ్డిలో జనం చింతగింజలు దంచుకొని, బలుసాకు ఉడకేసుకొని తింటాండ్రి. అందరూ కలిసి పంపన్న దగ్గరికి పోయి, పాతర తియ్యి సావుకారీ, పిల్లోళ్లు సచ్చిపోతాండారు అన్నారంట. పాతరంటే తెలుసునా మీకు, ఈ కాలం పిల్లోళ్లు. నేలలో బాయి మాదిరి తవ్వి, గింజలు పోసి, పైన బండ మూసేది. పంపన్న ఏమన్నాడు, కండ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడంట. యాడిది నాయనా, పాతర తుడుచుకొని పొయ్యింది, మేమే గంజి తాగి పడుకుంటాండాం అన్నాడంట. జనం అయ్యో పాపం సావుకారి అనుకుంటా వచ్చేసినారు. ఎర్రి జనం. కుక్కలకు మూడు పూటలా గోధుమలు యాడ నుంచి వస్తాండాయని ఒగడికీ తోచలేదు. తోచినా అడిగే నోరు లేదు. పాతరలో ఇంగా సగానికి గోధుమలుండాయని సుంకమ్మకు తెలుసు. తెలిసి ఏం లాభం. మొగుడు ముందటేడే కలరాకు పాయె. సావుకారింట్లో రోజూ ఇచ్చే చట్టెడు రాగిగంజితోనే ఆమె, ఆమె బిడ్డ కెంచి బతుకుతాండారు. నోరు తెరిస్తే ఆ గంజి పోతాది. అందుకే నోట్లో నీళ్లు లేనప్పుడు గూడా ఆమె నోరు మూసుకొనే ఉండె.

కెంచికి ఏడేండ్లు. అమ్మ ఇంటికి వస్తే ఆ పిల్ల గంజిచట్టి వైపు చూడదు, అమ్మ చేతులు పట్టుకుంటాది. గోళ్ల సందులో ఇరుక్కున్న పిండి, వేళ్లకు అంటిన నెయ్యి, ఒగ్గొగ వేలే నాకుతాది. సుంకమ్మ ఒగ్గ వేలు గూడా తన నోట్లో పెట్టుకోలేదు. ఎవరు చెప్పినారో ఏమో, ఈ సంగతి పంపన్న చెవిన పడె. మరుసటి రోజు నుంచి ఇంకో కట్టడి. పోయేటప్పుడు బూడిదతో, కొబ్బరిపీచుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కోని, వాసన చూపించి పోవాల. కెంచి ఆ పొద్దు అమ్మ వేళ్లు నాకితే బూడిద తగిలింది. ఆ పిల్ల ఏడ్వలేదంట, చేయి ఇడిసిపెట్టి పోయి గోడ కాడ కూర్చుందంట. వారం తిరిగేసరికి పిల్లకు కాళ్లు వాచినాయి. కరువులో కాళ్లు వాచినాయంటే ఏందో మీకు నేను చెప్పాల్నా.

సుంకమ్మ పంపన్న ముందర చేతులు కట్టుకొని నిలబడింది. సావుకారీ, మాడిపోయింది ఒగటి ఉంది, టైగరు ముట్టలేదు, నా బిడ్డకు ఇస్తే పుణ్యముంటాది అనింది. పంపన్న ఆ మాడింది చేతిలోకి తీసుకున్నాడు, అటూ ఇటూ తిప్పి చూసినాడు. చూసి ఏమన్నాడో తెలుసునా, 'కుక్కలకు చేసింది కుక్కలకే సుంకమ్మా. వాటి నోటికాడిది తీసి మనిషికి పెడితే నాకు పాపం చుట్టుకోదా' అన్నాడు. అని, దాన్ని గుంత తీసి పూడ్పించినాడు. పాపమంట పాపం. ఆ మాట బాగా గుర్తు పెట్టుకోండి, కుక్కలకు చేసింది కుక్కలకే.

ఇంగ ఆదివారం వచ్చింది. ఆదివారం మైలారి తాత వచ్చే రోజు. ఆయన గొరవయ్య. నల్ల కంబళి, ఎలుగ్గొడ్డు బొచ్చు టోపీ, చేతిలో డమరుకం, నడుముకు పసుపు సంచి, చంకలో కొయ్య దోణి. మైలారలింగస్వామి యాటకు పోతే ఏడువందల కుక్కలు ఎంట పోతాయంట, ఆ కుక్కలే ఈ గొరవయ్యలు. మనుషులే గానీ, నేను స్వామి కుక్కను అని దీక్ష పట్టినోళ్లు. ఆదివారం ఇంటి ముందర దోణి పెట్టి మొరిగితే, ఆ స్వామిని కొలిచే ఇల్లు ఏదైనా దోణి నింపాల. పంపన్న ఇంటిదేవుడు ఆ స్వామే. పంపన్న తాత ఒగసారి ఖాళీ దోణి తిప్పి పంపి, ఏడాది తిరక్కుండా పిచ్చికుక్క కరిసి సచ్చినాడంట. పంపన్నకు దేవుడి మీద భక్తేమీ లేదు గానీ, ఆ భయం మటుకు బొమికెల్లో ఉంది. అయినా గింజలు పెడితే పాతర గుట్టు బయటపడుతుంది గదా. అందుకని, ఏమీ లేదు తాతా, మేమే పస్తులుండాం, పైవారం రా అన్నాడు. తాత ముక్కు ఎగబీల్చి, 'అట్లనా నాయనా, మరి ఈ నెయ్యి వాసన యాడిది' అన్నాడు. పంపన్న నీళ్లు నమిలి, 'అదా, అది కుక్కలకు చేసింది లే తాతా, మనుషులకు పెట్టేది గాదు' అన్నాడు. తాత డమరుకం పక్కన పెట్టినాడు, దోణి కింద పెట్టినాడు, మోకాళ్ల మీద వంగి, చేతులు నేలకానించి, పంపన్న మొహంలోకి చూసి 'భౌ' అన్నాడు.

పంపన్న మొహం చూడాల అప్పుడు. ఇంగేం చేస్తాడు, దోణి నింపినాడు. తాత చేయి పెట్టకుండా నోటితోనే తిన్నాడు, అదీ ఆ దీక్ష పద్ధతి. టైగరు, లిల్లీ వచ్చి అదే దోణిలో మూతి పెట్టి తిన్నాయి. పొయ్యి కాడ నుంచి చూస్తాండే సుంకమ్మకు నవ్వు ఆగక నోట్లో నీళ్లు ముక్కులో నుంచి వచ్చె. పనిలో చేరినంక ఆమె నవ్వింది అదే మొదలంట.

తాత ఊరు దాటకముందే ఎనకాల ఉరికింది. తాతా, ఆ దీక్ష ఆడోళ్లకు ఇస్తావా అనింది. 'కుక్కల్లో ఆడకుక్కలు లేవా తల్లీ' అన్నాడు. పిల్లోళ్లకు ఇస్తావా అనింది. 'కుక్కకు పుట్టింది కుక్కపిల్ల గాక ఏమైతాదమ్మా. అయితే ఒగటి చెప్తా ఇను. ఆయప్ప కోపమొచ్చి రేపట్నుంచి గంజి ఆపితే ఏం చేస్తావు?' సుంకమ్మ చెప్పింది, 'ఆ గంజితో నా బిడ్డ బతకదు తాతా. కాళ్లు వాచినాయి. పైవారం దాకా ఉంటాదో ఉండదో గూడా తెలీదు.' తాత పసుపు సంచి ఇప్పి చూపించి, 'వచ్చే ఆదివారం నొసట ఇది పెడతా, అదే దీక్ష' అన్నాడంట.

ఆ వారమంతా సుంకమ్మ నోట్లో నీళ్లు పోసుకొని మాటలేకుండా కాల్చింది. సాయంత్రం మటుకు ఇంటింటికీ పొయ్యి, పాతరలో గోధుమలుండాయి, ఆదివారం తాత దగ్గర పసుపు పెట్టించుకోండి అని చెప్పింది. మన జనం సంగతి తెలుసు గదా. కడుపు ఈపుకు అంటుకొని ఉంది, అయినా రోషానికి తక్కువ లేదు. మేము మనుషులం సుంకమ్మా, కుక్కల మాదిరి మొరగాల్నా అన్నారంట కొందరు. సుంకమ్మ ఏమనిందంటే, 'ఇన్నాళ్లూ ఆయప్ప ముందర తోక ఆడిస్తాండారు గదా మామా, అప్పుడు లేని సిగ్గు మొరిగేదానికి వచ్చిందా' అనింది.

ఆదివారం పొద్దన పంపన్న అరుగు మీద కూర్చొని లిల్లీకి బొమికె అందిస్తాండాడు. వాకిలి ముందర భౌ అని ఒగ సన్న గొంతు. చూస్తే కెంచి. నొసట పసుపు, ముందర పగిలిన చట్టి, వాచిన కాళ్లు మడుచుకొని కూర్చోనుంది. పక్కన సుంకమ్మ. ఎనకాల ఊరు ఊరే, ముసలోళ్లు, బాలింతలు, అందరి నొసటా పసుపు, అందరి ముందరా దోణో చట్టో రాతిగిన్నో. తాత డమరుకం కొట్టినాడు. అందరూ ఒగటేసారి మొరిగినారు. ఆ మొరుగు పక్కూరికి ఇనపడిందంట. పంపన్న లేచి నిలబడి టైగరును, ఉస్కో, కరిసెయ్యి అన్నాడు. టైగరు ఉరికింది. ఉరికి, రోజూ తనకు కాల్చి పెట్టే సుంకమ్మ పక్కన కూర్చొని, పంపన్న వైపు తిరిగి అదీ మొరిగింది. ఎనకాలే లిల్లీ అమ్మగారూ పొయ్యింది. 'సుంకమ్మా, ఏందిది, బుద్ధి ఉందా నీకు' అన్నాడు పంపన్న. సుంకమ్మ 'భౌ' అనింది. తాత చెప్పినాడు, 'కుక్కలకు చేసింది కుక్కలకే అంటివంట గదా నాయనా. వచ్చినాయి చూడు. దోణులు నింపు.'

పంపన్నకు సచ్చిపోయిన తన తాత గుర్తొచ్చినాడు, పిచ్చికుక్క గుర్తొచ్చింది. సరే, పాతర బండ తియ్యండి, సుంకమ్మా నువ్వు పోయి పొయ్యి ముట్టించు అన్నాడు. సుంకమ్మ అప్పుడు నోరు తెరిసి మనిషి మాట మాట్లాడింది. 'దీక్ష పట్టిన కుక్క పొయ్యి ముట్టకూడదు సావుకారీ. ఇంటి యజమానే కాల్చి పెట్టాల' అనింది. తాత అవునని తల ఊపినాడు. పంపన్న పంచె ఎగ్గట్టి పొయ్యి కాడికి పోబోతే, ఎవరో చెంబు తెచ్చి ఎదురుగా పట్టుకున్నారు. ఎవరనుకున్నారు, గౌరక్క. ఆ 'ఒసే' గౌరక్క. 'దేవుడి కుక్కల తిండి, ఎంగిలి పడకూడదు గదా, నోట్లో పోసుకో' అనింది. అంతమంది ముందర ఏమంటాడు. పోసుకున్నాడు. బుగ్గలు కప్ప మాదిరి ఉబ్బించుకొని, పొయ్యి ముందర గొంతుకూర్చొని, నెయ్యి కరగబెట్టి, పిండి పిసికి, అచ్చు అద్ది, కాల్చినాడు. మొదటి వాయి మాడ్చినాడు. చేయి కాల్చుకున్నాడు. తిట్టుదామంటే నోట్లో నీళ్లు. పొగకు కండ్లు మండి నీళ్లు కారితే తుడుచుకునేదానికి చేతుల నిండా పిండి. జనం పనీ పాటా లేనట్టు చుట్టూ కూర్చొని చూసినారంట.

తొలి బొమికె కెంచికి పడింది. ఏడాది పొడుగునా అమ్మ వేళ్ల మీద వాసన చూసిన బొమికె. ఆ పిల్ల చేయి పెట్టకుండా నోటితోనే అందుకొని, కొరికి, నమిలి, అమ్మ వైపు తిరిగి, 'చప్పగా ఉందే మా, ఉప్పెయ్యలేదా' అనింది. సుంకమ్మ పొయ్యి వైపు చూసి, 'ఉప్పెయ్యి సావుకారీ, మాకు బొచ్చు రాలితే రాలనీలే' అనింది. ఆయప్ప గుటక మింగబోయి, నీళ్లు గుర్తొచ్చి ఆపుకున్నాడంట. ఉప్పు ఏసినాడు. పొద్దు నెత్తికెక్కినంక ఆకరి దోణి నిండింది. అప్పుడు సుంకమ్మ లేచొచ్చి బండ చూపించింది. పంపన్న ఉమ్మినాడు. ఆమె వంగి, బాగా వంగి, ఆ నీళ్లల్లోకి చూసింది. నలక ఉందా లేదా అని చూస్తానే ఉండిపొయ్యింది. ఆయప్ప తల దించుకోని నిలబడినాడు, ఆమె చూపు అయిపొయ్యేదాకా.

వాన పడేదాకా ప్రతి ఆదివారం ఆ పొయ్యి ఆరలేదంట. మిగతా రోజులకు గూడా పాతర తెరిసే ఉండె, మల్లా మూసే ధైర్యం ఆయప్పకు లేకపాయె. కెంచి కాళ్ల వాపు దిగింది. టైగరు, లిల్లీ సంగటి తినడం మరిగినాయి, బొచ్చు ఏమీ రాలలేదు. మొన్న మా మనవరాలు చెప్పింది, పట్నంలో ఇప్పుడు కుక్కలకు ఇండ్లలోనే రొట్టెలు కాల్చి పుట్టినరోజులు చేస్తాండారంట. చేసుకోనీ. కుక్క ఏం తప్పు చేసింది, పెడితే తింటాది. అయితే ఆ ఇండ్లకు పోతే కుక్కను చూసి ముచ్చటపడి రావద్దు, ఆ కాల్చే ఆమె నోరు ఒగసారి చూసి రాండి. ఇంగ చాలు. ఇంతసేపు వాగి నా నోరు ఎండిపొయ్యింది, ఎవురన్నా లేచి ఇన్ని నీళ్లు తెచ్చి పొయ్యండి. మింగేదానికే లే.