పక్కతోట వాళ్ళకి వినపడేలా

పురుగుమందుల కంపెనీలో ఉద్యోగం మానేసిన ఆ అమ్మాయి నూజివీడులో ‘మామిడి తోటలకు సలహాలు’ అని బోర్డు పెట్టుకుంది. ఇంతవరకూ దొరికిన ఒకే ఒక్క రైతు ఆగిరిపల్లి నుంచి బండి మీద వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“పిందె బ్రహ్మాండంగా నిలిచింది మేడమ్ గారూ. కానీ ఒక మాట చెప్పాలి. కోప్పడకూడదు.”

“పూత మీద మందు కొట్టేశారా బాబాయ్ గారూ? తేనెటీగలు చస్తాయని అంతలా చెప్పానే!”

“మందు కాదండీ. ఉత్త నీళ్ళు.”

“నీళ్ళా? ఎందుకండీ?”

“చుట్టూ తోటలన్నిట్లో స్ప్రేయర్లు మోగుతున్నాయి. మా తోటొక్కటే చప్పుడు లేకుండా ఉంటే, మందుకి కూడా గతిలేదనుకోరూ? అందుకని నేనూ మోగించాను.”

“పూత తడిసిందా?”

“అబ్బే, గట్టు మీద గడ్డికి కొట్టానంతే. ఇప్పుడు మా పిందె చూసి, ఏం మందు కొట్టావని ప్రాణం తీస్తున్నారు. మీ పేరు చెప్పాను. రేపు పొద్దున్నే వస్తారు.”

“ఏ మందూ లేదంటే వెళ్ళిపోతారేమోనండీ. పురుగుమందుల కొట్టువాడైతే మందు డబ్బా అమ్మి, సలహా ఊరికే ఇస్తాడు. నా దగ్గర డబ్బాయే లేదు. ఈ వేసవిలో ఇంకో రైతు దొరక్కపోతే నేను మళ్ళీ ఉద్యోగానికే పోవాలి.”

“ఉన్నమాటే చెప్పండి. కానీ ముందు ఫీజు తీసుకోండి.”

“అదేంటండీ?”

“పూత మీద మందు కొట్టొద్దని మా ఆవిడ పెళ్ళైనప్పట్నించీ ఊరికే చెబుతోంది. ఒక్క ఏడాదైనా విన్నానా?”