గుట్ట మోదుగకు ఫైవ్‌స్టార్ స్నానం

ఖాజాగూడ గుట్ట మీది నుంచి పెకిలించి, గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీ ఆవరణలో నాటిన మోదుగ చెట్టు వాడిపోయింది. పరీక్షించడానికి వచ్చిన వృక్షశాస్త్రం లెక్చరరమ్మా, తోటల మేనేజరూ దాని కిందే నిలబడ్డారు. నీడ లేదు గనక ఎండలోనే నిలబడ్డారు.

"నాటేముందు వేళ్ళని ఏం చేశారండి?"

"మంచిగ కడిగిపిచ్చిన మేడం. బూజు పట్టకుండ మందుల గూడ ముంచినం. క్లయింట్లు తిరిగే జాగ గద!"

"అయ్యో, వేరు వేరు, బూజు వేరు కాదండీ! వేళ్ళని అంటుకుని ఒక మేలుచేసే బూజు, అంటే శిలీంధ్రం, ఉంటుంది. బండల సందుల్లోంచి చెట్టుకి నీళ్ళూ సత్తువా అందించేది అదే. బదులుగా చెట్టు దానికి తిండి పెడుతుంది."

"గంత కష్టమెందుకు? ఈడ రెండు పూటల స్ప్రింక్లర్లు, పైకెళ్ళి యూరియా గూడ ఏస్తున్నం."

"అన్నీ కూర్చోబెట్టి పెడితే చెట్టు ఆ శిలీంధ్రానికి తిండి మానేస్తుంది. మీరు చంపగా మిగిలింది అలా పోయింది."

"అంటే చెట్టు దానికి లేఆఫ్ ఇచ్చింది! మా ఏరియా గాలి తగిలినట్టుంది మేడం."

"నవ్వకండి. గుట్ట మీద మిగిలిన చెట్లనైనా వదిలేయమనండి."

"పొద్దుగాల్నే తవ్వుడు షురూ అయింది. ఇగ ఆగదు."

"అయితే వేళ్ళు కడక్కండి, మందు వద్దు. ఆ గుట్ట మట్టితోనే తెచ్చి నాటండి. శిలీంధ్రం ఉండేది ఆ మట్టిలోనే. అదుంటేనే బతుకుతాయి."

"ఆ మట్టా మేడం? లారీలెక్కి కొత్తగూడకు పోయింది. ఆడ ఏదో అపార్ట్‌మెంటు పునాదులు నింపుతున్నరు."