మేనేజరు గదిలో పావుగంట

ఈ కాగితం రాయకుండానే వెళ్లిపోదామనుకున్నాను. పోలీసులకు చెప్పుకోవడం గోడకు మొరపెట్టుకోవడం లాంటిదని నా అభిప్రాయం. "పెద్దాయనా, మీరు చెప్పకపోతే కంపెనీవాళ్లు చెప్పిందే మిగులుతుంది" అని ఎస్సైగారు అన్నారు కాబట్టి రాస్తున్నాను. మీ రైటరు ఏం కలుపుతాడో తెలియదు, అందుకని నా చేత్తోనే.

నా పేరు పైన రాసుకున్నారు. వయసు అరవై నాలుగు. బట్టల మిల్లులో మగ్గాల మేస్త్రీని. నా చదువు బడిలోది కాదు, పొట్లాలు కట్టిన పాత పేపర్లలోది. నిందితుడు నా అల్లుడు. అదే మిల్లులో నేతపని.

మగ్గాల షెడ్డులో చెవిలో అరిచినా వినపడదు. పెదవులు చూసి మాట్లాడుకుంటాం. అవతలి గోడ దగ్గర ఎవడు ఎవణ్ణి తిడుతున్నాడో ఇవతలినుంచే చెప్పేస్తాం. నేను ఇంట్లో ఉంటే మా ఆవిడ వీధిలో కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడేది. అది వేరే కథ.

సమ్మె మూడో నెలలో మేనేజరు కొత్త పద్ధతి పెట్టాడు. రోజుకో మనిషిని లోపలికి పిలిపించి, టీ ఇప్పించి, పావుగంట కూర్చోబెట్టి, ఒక్క మాటా అడక్కుండా పంపేసేవాడు. బయటికొచ్చి "ఏమీ అడగలేదురా" అంటే నమ్మేదెవరు? నన్నూ పిలిచాడు. ఏమీ అడగలేదు. మీరూ నమ్మరు.

అల్లుడు వెళ్లొచ్చిన రోజునుంచి గేటు దగ్గర అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. "ఏం బావా, చక్కెర సరిపోయిందా?" అన్నాడు షెడ్డులో నూలు కండెలు మోసే అతను. ఇంట్లో మా అమ్మాయి, "నాకైనా చెప్పవా, ఏం ఒప్పుకొనొచ్చావ్?" అంది.

"ఏమీ లేదే."

"ఏమీ లేనిదానికి పావుగంటెందుకు?"

ఆనాటినుంచి అతనికి నిద్ర లేదు. కిటికీ దగ్గర నిలబడి దారిన పోయేవాళ్ల పెదవులు చూస్తూ, "అదుగో మామయ్యా, నా గురించే" అనేవాడు.

మొన్న మంగళవారం సాయంత్రం ఐదింటికి, మిల్లు ఎదురు టీకొట్టులో కండెలతను ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కొత్త పళ్లసెట్టు కుదరక దవడ అటూ ఇటూ ఆడిస్తున్నాడు. నేనూ అల్లుడూ రోడ్డుకు ఇవతల ఉన్నాం.

"చూశారా మామయ్యా? అమ్ముడుపోయానంట!"

"అవి పళ్లయ్యా, మాటలు కావు!"

"మీరూ వాళ్ల వైపేనా?" అని పరుగెత్తి, బల్ల ఎత్తి కొట్టాడు. కండెలతని భుజం విరిగింది. సంఘమే కొట్టించిందని కంపెనీ అంటోంది. కంపెనీయే కొట్టించిందని సంఘం అంటోంది. ఎవరూ కొట్టించలేదు. మా అల్లుణ్ణి జైలుకు కాదు, మనసు డాక్టరు దగ్గరికి పంపమని నా మనవి.

పై సంగతులు నేను కళ్లారా చూసినవి. ఎవరి ఒత్తిడీ లేదు. ఖాళీ జాగాల్లో ఇంకెవరూ ఏమీ చేర్చకుండా అడ్డగీతలు కొట్టాను.

సంతకానికి ముందు ఇంకొక్కటి. ఈ మధ్యాహ్నం లాకప్పులో అతనికి భోజనం ఇచ్చాను. ముందు నన్ను తినమన్నాడు. తిన్నాను. నేను నములుతున్నంతసేపూ నా పెదవులే చూసి, గిన్నె మూతపెట్టి వెనక్కి ఇచ్చేశాడు.

(సంతకం)
మగ్గాల మేస్త్రీ