మాయమవుతున్న సుద్దముక్కలు

దర్జీ దుకాణంలో గుడ్డలు కత్తిరించే బల్లకు చెరోవైపు వదినా, ఆడపడుచూ నిలబడి ఉన్నారు.

“వదినా, గీతలు గీసే సుద్ద మళ్ళీ మాయమైంది!”

“ఎలుకలు తిన్నాయేమో.”

“ఆ ఎలుక మూతి తుడుచుకోవడం మర్చిపోయింది.”

“ఏం చెయ్యనే? చూస్తే చాలు, నోరూరిపోతోంది. పొద్దున డాక్టరమ్మ దగ్గరికెళ్ళొచ్చా. ఒంట్లో ఇనుము తగ్గితే ఇలా మట్టీ సుద్దా తినబుద్ధవుతుందట. మాత్రలిచ్చింది.”

“సుష్టుగా తింటావుగా, ఎందుకు తగ్గింది?”

“నా వాటాలోంచి ఇంకొకరు లాగేసుకుంటున్నారు మరి.”

“ఎవరు?”

“నిన్ను అత్తా అని పిలవబోయేవాళ్ళు.”

“వదినా! అన్నయ్యకి తెలుసా?”

“ముందు నీకే చెప్పా. అరవకు.”

“అరుస్తా! ముందా కొంగులో దాచిన ముక్క ఇటివ్వు.”

“ఇక తినను, ఒట్టు.”

“నీ ఒట్టెవడిక్కావాలి? జానెడు చొక్కా గీయాలి నేను.”