నాలుగో తరగతి పంతులమ్మ

ఆత్రేయపురం దగ్గర ఒక చిన్న ప్రాథమిక పాఠశాల. ఐదు తరగతులకూ ఒక్కరే టీచరు. శుక్రవారం మధ్యాహ్నం పిల్లలు భోజనాలు చేస్తుంటే, నాలుగో తరగతి అమ్మాయి తల్లి వచ్చింది.

"మా శ్యామలకి టి.సి. ఇచ్చేయండి మేడంగారూ. ప్రైవేటులో చేర్పిస్తాం."

"అదేంటండి? బడి మొత్తానికి చురుకైన పిల్ల."

"అందుకేనండి. నిన్న పూతరేకులు చుట్టుకుంటూ అడిగాను, ఇవాళేం నేర్చుకున్నావే అని. ఒకటో తరగతికి గుణింతాలు చెప్పానమ్మా అంది. మొన్నా అదే మాట. మరి దానికెవరు చెప్తున్నారండి?"

"నిజమేనండి. పొద్దున్నే హాజరు ఫొటో, తర్వాత మరుగుదొడ్ల ఫొటో, ఇప్పుడు కోడిగుడ్ల ఫొటో. అన్నీ యాప్‌లో ఎక్కించేసరికి సగం రోజు పోతుంది. అందాకా చిన్నపిల్లల్ని మీ అమ్మాయే చూస్తుంది."

"మిమ్మల్ని అనట్లేదండి. రెండో టీచరు వస్తారని రెండేళ్ళు చూశాం."

"నేనూ చూశానండి."

టీచరు టి.సి. రాసి సంతకం పెట్టింది. కాగితం మాత్రం చేతికివ్వలేదు.

"సోమవారం నుంచి అక్కడికి పంపండి. రేపొక్కరోజు ఇక్కడికి పంపుతారా?"

"ఎందుకండి?"

"గుణింతాల్లో ఇంకా రెండక్షరాలు మిగిలాయి. ఆ పిల్లలకి తను చెప్తేనే అర్థమవుతుందండి."