తొట్టికి ఎనిమిది చిల్లులు

ఇక చాల్లే బాబాయ్, ఆ బానెట్టు మూసెయ్. ఎంతసేపు చూసినా ఇది కదిలేది కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

యాకోబు షెడ్డంటే ఇటు తెనాలి, అటు రేపల్లె, బాపట్ల, తెలియని డ్రైవరు లేడు. నువ్వే చేతులెత్తేస్తే ఇంకెవరి దగ్గరికి లాక్కెళ్లమంటావ్?

ఏంటలా చూస్తావ్? చెప్పావులే. "ఫారిన్ బండి మనకెందుకురా అమ్జదూ, మన దేశం బండైతే భట్టిప్రోలులో ఆగినా పక్క కొట్లో సామాను దొరుకుద్ది" అన్నావ్. విన్నానా నేను?

మా ఆవిడ మీరాబీ నడుం సంగతి నీకు తెలీనిదా? పదేళ్లు పాత బండిలో నా పక్కన కూర్చుని నిజాంపట్నం నుంచి చేపలతో పాటే వచ్చేది. గుంటలో పడ్డప్పుడల్లా పళ్లు బిగబట్టేది. షోరూమ్‌లో ఈ ఫారిన్ బండెక్కి కూర్చుని, "ఇది మెత్తగా ఉందండీ" అంది. ఆ ఒక్క మాటే! అంతకుముందు నన్నేదైనా అడిగిందా ఆవిడ?

నాలుగంటే నాలుగే నెలలు బాబాయ్. హాయిగా నిద్రపోయేది బండిలో, నోరు తెరుచుకుని మరీ.

ఆ తర్వాత భట్టిప్రోలు దాటాక ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. బండి వెనక తొట్టి నిండా చేపలు, మంచేమో కరిగిపోతోంది. వేరే బండికి కట్టి లాక్కొచ్చేసరికి సాయంత్రమైంది. మార్కెట్లో రోజూ నా సరుకు కొనే శివరామయ్య ఒక చేప మొప్ప ఎత్తి చూశాడు. కింద పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు. తిట్టినా బాగుండేది! మర్నాటి నుంచి ఇంకొకళ్ల దగ్గర తీసుకుంటున్నాడు.

కంపెనీవాళ్లనడిగితే వైరింగ్ మొత్తం పోయింది, సామాను ఓడలో రావాలి, అయినా గ్యారంటీ వర్తించదన్నారు. ఫారిన్ బండి మోసం చేసిందని హార్బరంతా చెప్పుకున్నాను. ఇలాంటి బండే కొందామనుకున్న మా హార్బరు జాన్ సైదా నా మాట నమ్మి మానేశాడు.

గ్యారంటీ ఎందుకు లేదంటావా? ఇటు రా. వంగు. తొట్టి కింద చూడు. చిల్లులు కనపడ్డాయా? ఎనిమిది. కంపెనీ పెట్టినవి కావవి. బండి ఇంటికొచ్చిన రోజే డ్రిల్లు తెచ్చి నేనే వేశాను.

మా హార్బరులో కొత్త బండి కొన్న ప్రతివాడూ చేసే పనేగా! మంచునీళ్లు కిందికి దిగిపోవాలి కదా. పాత బండికీ వేశాను, దానికేం కాలేదు. దీనికి సరిగ్గా అక్కడే వైర్ల కట్ట ఉందని నాకేం తెలుసు? నాలుగు నెలలపాటు చేపల ఉప్పునీళ్లు దాని మీదే కారాయి.

ఇప్పుడు మీరాబీ గంప ఒళ్లో పెట్టుకుని ఆటోలో వస్తోంది. మొన్న అన్నం పెడుతూ, "నా నడుం కోసం కొన్నారు, నా మూలానే మునిగిపోయాం" అని ఏడ్చింది. నేనేం చేశానో తెలుసా? కూర కలుపుకుని తిన్నాను.

అదిగో, ఆటో దిగుతోంది. చూడు, నడుం పట్టుకుని ఎలా వస్తోందో. బండికేమైందని నిన్నే అడుగుద్ది. ఫారిన్ బండ్లంతేనమ్మా అని చెప్పు బాబాయ్. నీకు దణ్ణం పెడతాను, ఆ చిల్లుల మాట మాత్రం ఎత్తకు.