పొగగొట్టంలో గోనెసంచి

పెరట్లో నిచ్చెన మీద బాయిలర్ మెకానిక్కు. కింద నిచ్చెన పట్టుకుని ఆ ఉమ్మడి ఇంటి పెద్దకోడలు.

“మంట పసుపుపచ్చగా కాక ఇంకెలా మండుతుందమ్మా? పొగగొట్టం నిండా గోనెసంచి! కుక్కిందెవరు?”

“మా మరిది. చలిగాలి ఆ గొట్టంలోంచే దూరుతోందిట. లోపల మా అత్తగారు పడుకుంటారు.”

“బాయిలర్ ఉన్న గదిలోనా?”

“నడిమి గది బాబూ. పంపకాల్లో ఎవరి వాటాకీ రాలేదు. బాయిలరూ ఉమ్మడే, అత్తగారూ ఉమ్మడే. వెచ్చగా ఉంటుందని ఆవిణ్ణి అందులో ఉంచాం.”

“గదికి కిటికీ ఉందా?”

“ఉంది, వీధి వైపు. మావారు దానికి అడ్డంగా చెక్కలు కొట్టి మూసేశారు. తల్లి కోసం తమ్ముడు సంచి కుక్కితే అన్న ఊరుకుంటాడా?”

“బాగుంది! మండిన గ్యాసు బయటికి పోవడానికి ఉన్న దారి ఈ గొట్టమే. దీన్నీ మూసి, కిటికీనీ మూస్తే ఆ విషమంతా గదిలోనే తిరుగుతుంది.”

“వాసనేం రాలేదే?”

“దానికి వాసనుండదు, రంగుండదు. తలనొప్పి వస్తుంది, వాంతులవుతాయి, మతి తప్పుతుంది. ఆ తర్వాత మనిషే ఉండడు.”

“మతి... తప్పుతుందా?”

“ఏం?”

“ఏం లేదు.”

“ఏం లేదంటే?”

“ఈమధ్య ఆవిడ నన్ను చిన్నకోడలి పేరు పెట్టి పిలుస్తోంది. ఒకటే తలనొప్పంటుంది. డాక్టరు వయసు మీద పడిందన్నాడు, మేమూ అదే అనుకున్నాం. పైగా చాప చంకన పెట్టుకుని పోయి బయట మెట్ల మీద పడుకుంటుంది. చూసినవాళ్ళేమనుకుంటారు? కోడళ్ళిద్దరూ కలిసి గెంటేశారనుకోరూ? అందుకని...”

“అందుకని?”

“నిచ్చెన గట్టిగానే పట్టుకున్నాను. మీ పని కానివ్వండి.”

“అందుకని ఏం చేశారమ్మా?”

“ఏం చేసినా ఆవిడ మంచికేగా!”

“ఇప్పుడెక్కడున్నారావిడ?”

“భోంచేసి పడుకుంది. లేపితే ఇల్లు పీకి పందిరేస్తుంది.”

“ఆ గదిలోనేనా? బాయిలర్ ఆపే ఉందా?”

“మరిది వాటాలో స్నానాలవుతున్నాయి. ఇది వాళ్ళ వంతు. వాళ్ళ వంతులో మేం వేలు పెట్టం.”

“జరగండి, దిగుతున్నాను! గ్యాసు కట్టెయ్యాలి!”

“అయ్యో, వాళ్ళు ఒంటి మీద సబ్బుతో...”

“ఉండనివ్వండి! కట్టేశాను. నడవండి. ఈ తలుపేనా? ఇదేంటి, బయట గొళ్ళెం?”

“చలిలో బయటికి పోకుండా ఉంటుందని...”

“అమ్మగారూ! అమ్మగారూ!”

“అత్తయ్యా! పలకండత్తయ్యా! బాబూ, పలకడం లేదు! గొళ్ళెం మీరే తియ్యండి!”

“తీశాను. మీరు లోపలికి రాకండి.”

“ఉందా? ఊపిరుందా? చెప్పండి బాబూ!”

“మంచం ఖాళీగా ఉందమ్మా. కిటికీ బార్లా తీసుంది. చెక్కలు కింద పడున్నాయి.”

“ఇక్కడున్నాను, అరవకండి. మెట్ల మీద.”

“అత్తయ్యా! బతికించారు! నా పై ప్రాణాలు పైనే పోయాయి! ఎలా బయటపడ్డారు?”

“కంచంలో గరిటె ఉంచావుగా. దాంతో చెక్కలు ఊడదీసి దిగాను. నడుం పట్టేసింది.”

“తల తిరుగుతోందా అమ్మగారూ?”

“ఇందాక తిరిగింది. గాలి తగిలాక తేటపడింది.”

“అయినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. ముందొకటి చెప్పండి. ఈవిడెవరో గుర్తుపట్టారా?”

“పట్టకేం? మా పెద్దకోడలు. గొళ్ళెం పెట్టింది కూడా ఇదే. చల్లగాలికి ఒక్కొక్కటే గుర్తొస్తోంది నాయనా, ఇంకాసేపు ఇక్కడే కూర్చోనీ.”